బ్రేకు పెడల్ దగ్గర దొరికిన ఎర్రగుడ్డ మూట

 తిరువూరులో ఇన్నేళ్ళుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నాను, ఇవాళ్టంతగా ఎప్పుడూ భయపడలేదు.

మధ్యాహ్నం వినగడప నుంచి ఒకాయన వాళ్ళమ్మను వెంటబెట్టుకుని కారు తెచ్చాడు. స్టీరింగ్ ముందున్న మీటర్లో బ్రేకు హెచ్చరిక లైట్లు వెలుగుతున్నాయి. పెడల్ మీద నుంచి కాలు తీసినా వెనక బ్రేకు లైట్లు ఆరడం లేదు. ఫ్యూజులు, వైర్లు అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి టార్చి పట్టుకుని స్టీరింగ్ కిందికి దూరాను. పెడల్ పూర్తిగా పైకి వచ్చి స్విచ్చును నొక్కితేనే ఆ లైట్లు ఆరుతాయి. ఆ స్విచ్చు పక్కనే ఒక ఎర్రగుడ్డ మూట ఇరుక్కుని, పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వడం లేదు. విప్పితే లోపల ఎండి రాయిలా అయిపోయిన నిమ్మకాయ. అది ఇంకాస్త జారి పెడల్ కిందికి వెళ్ళి ఉంటే, ఎంత తొక్కినా బ్రేకు పడేది కాదు.

"ఇదెవరు పెట్టారండీ?" అన్నాను.

"నేనే నాయనా. నెమలి ఊరి గుళ్ళో పూజ చేయించి, దిష్టి తగలకుండా స్టీరింగ్ రాడ్డుకి కట్టా" అంది పెద్దావిడ.

కొడుకు ముఖం పాలిపోయింది. "అమ్మా! అది పెడల్ కింద పడుంటే ఇద్దరం పోయేవాళ్ళం!"

"పడలేదుగా? పడకుండా ఎవరు ఆపారంటావ్?"

 మూటను డిక్కీలో కొక్కేనికి గట్టిగా కట్టి పంపాను.

మీరూ ఒకసారి మీ కారులో స్టీరింగ్ కిందికి వంగి చూసుకోండి. పెద్దావిడ ప్రశ్నకు జవాబు తెలిస్తే నాకూ చెప్పండి.