బావ వచ్చిండు, బ్రేకు విడువరాదు

ముందుగాల మీ నవ్వుడు కానియ్యుండ్రి, తర్వాతనే చెప్త. మొన్న మా మోటరుకారుల నా ఇజ్జత్ పోయిందని వాడకట్టంత తెలిసింది గని, ఎట్ల పోయిందో ఒక్కలకు సుత తెల్వది.

మా ఇంటాయన లారీ డ్రైవర్. ఎవరో దొర పట్నం పోతూ అమ్ముకున్న పాత నల్ల మోటరు ఒకటి కొన్నడు. అదంటే ఈయనకు పానం. మా బావకు, అంటే ఈయన పెద్దన్నకు, అది చూస్తేనే నవ్వు. "ఎడ్లబండి ఎక్కుత గని తమ్మీ, నీ డొక్కు మోటరు జన్మల ఎక్క" అంటుండె.

ఈసారి వేములవాడల బావ మనుమని పుట్టెంటికలు తీసుడు. ఈయన బతిమాలంగ బతిమాలంగ, "బ్రేకులు కొత్తయి వేస్తే చూస్త తీ" అన్నడు బావ. ఇగ ఈయన భూమ్మీద లేడు! "మా అన్న నా బండిల కూసుంటడు" అని కనబడ్డోళ్లకల్ల చెప్పుడే.

మూడు చక్రాలకు కొత్త బ్రేకులు వేసిండు. నాలుగో చక్రం నడుమ ఉన్న పెద్ద నట్టు మాత్రం రాలే. ఒకటే తుప్పు! దీపాల్ల పోసే గ్యాసునూనె తాపిండు, సుత్తెతోని కొట్టిండు, తిట్టిండు, దండం పెట్టిండు. ఊహూఁ! నట్టు తిప్పే పానకు పొడుగు ఇనుపగొట్టం తొడిగి ఏలాడితే నట్టుతోని చక్రం గూడ తిరుగవట్టె.

"ఇగో, జర వచ్చి బ్రేకు తొక్కి పట్టు. చక్రం తిరగది" అన్నడు.

"నేనా! డ్రైవర్ సీట్లనా! బజారుల అందరు చూడరా?"

"చూస్తే చూడనీ. హ్యాండుబ్రేకు ఎన్నడో పోయింది. వాకిలేమో జారుడు. నువ్వు కాలు తీసినవనుకో, మోటరు నా కాళ్ల మీదికెళ్లి పోతది."

"మరి చక్రం కింద రాయన్న పెట్టుకోరాదుండ్రి?"

"నువ్వున్నవు గద, రాయెందుకు?"

గంత నమ్మకం పెడితే ఏం అంట! కొంగు నిండ కప్పుకొని ఎక్కి కూసున్న, రెండు కాళ్లతోని తొక్కి పట్టిన.

సరిగ్గ అప్పుడే వచ్చిండు మా బావ! తెల్లారి వస్తనన్న మనిషి ఒకరోజు ముందే! నెత్తికి రుమాలు, చంకల సంచి, కాళ్లకు కిర్రు చెప్పులు. పెండ్లయి ఇన్నేండ్లయినా బావ ముంగట నేను కూసున్నది లేదు, ఆయనతోని మాట్లాడింది లేదు. లేస్తే ఈయన కాళ్లు పోతయి. లేవకుంటే నా మర్యాద పోతది. మీరైతే ఏం చేస్తుంటిరి?

నాకు తోచింది నేను చేసిన. సీటు మీదికెళ్లి మెల్లగ కిందికి జారి, కాళ్లకు బదులు రెండు చేతులతోని బ్రేకు ఒత్తిపట్టి, స్టీరింగు కింద ముడుచుకున్న. మోకాళ్లు చెవులకు తాకినయి. బావ ఇంట్లకు పోతడు గద, అప్పుడు లేస్త అనుకున్న.

పోలే! "అబ్బ, ఏం ఎండ" అనుకుంట వెనుక తలుపు తీసి సీట్ల కూలవడ్డడు! అవతలి దిక్కు చక్రం కాడ తమ్ముడు కూసున్నట్టు అన్నకు తెల్వది. అన్న వచ్చినట్టు తమ్మునికి తెల్వది. తెలిసిన దాన్ని నేనొక్కదాన్ని, నాకు నోరు లేదు!

మోటరు ఊగింది. అవతలి నుంచి ఈయన కొట్టినట్టు అరిచిండు: "కదలకు అన్ననా లేదా!"

బావ ఉన్నకాడనే బిగుసుకపోయిండు.

"తొక్కు! గట్టిగ తొక్కు!"

"ఏం తొక్కాల్నురా..." అని గొణుక్కుంట, పాపం, బావ చెప్పులతోని టపటప మోటరు అడుగు తొక్కవట్టిండు! ఊరంత ఆయన మాట వినుడే గని, ఆయన ఒక్కల మాట విన్నది లేదు. నాకు నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది, చేతులు గుంజుతున్నయి.

"గంతేనా నీ బలం? పొద్దుగాల కుండెడు గట్క మింగినవు గద!"

ఇగ బావతోని కాలే. "ఒరే! పెద్దన్నను పట్టుకొని మింగినవంటవారా!"

పెండ్లాం ఉండాల్సిన కాడ అన్న గొంతు! ఈయన ఉలిక్కిపడి, మనిషి మనిషంత గొట్టం మీద పడ్డడు. కిర్ర్‌ర్! నట్టు ఊడింది! ఈయన పోయి గ్యాసునూనె పోసిన ఇనుప తట్టల కూసున్నడు. ఆ చప్పుడుకు నేను "అవ్వో!" అన్న.

"మోటరు ఏడుస్తుందేందిరా!" అని బావ ముందు సీటు మీదికెళ్లి వంగి చూసిండు. చీర మూట ఒకటి. ఆ మూటకు రెండు చేతులు. ఆ చేతుల కింద బ్రేకు.

"ఓరి నీ! కొత్త బ్రేకులంటే గివేనారా? మరదల్ను తెచ్చి బిగిచ్చినవా? నేను బస్సుకే పోత" అని సంచి అందుకున్నడు.

ఈయన మొఖం చూడలేకపోయిన. బట్టలు కారుతున్నయి, చేతిల గా నట్టు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో గని, కొంగుల నుంచే అన్న:

"బస్సుకు తర్వాత పోదురు గని బావా, ముందుగాల చక్రం కింద రాయి పెట్టుండ్రి! నా చేతులు పడిపోతున్నయి!"

బావతోని నేను మాట్లాడిన మొదటి మాట గదే!

బావ ఉరికి పెద్ద రాయి తెచ్చి పెట్టిండు. నా దిక్కు చూడకుంట చేతులు దులుపుకున్నడు. తర్వాత తమ్మునితోని అన్నడు: "మరదలు చేతులతోని పట్టుకుంటేనే ఆగింది గదరా నీ మోటరు. బ్రేకులు మంచిగనే ఉన్నట్టున్నయి. గా నాలుగోది సుత వెయ్యి. ఎక్కుత."

తెల్లారి వేములవాడకు బయలెల్లినం. బావ తెల్లటి ధోతి కట్టుకొని దర్జాగ ముందు సీటు కాడికి వచ్చిండు. వచ్చిండు గని ఎక్కలే. తలుపు తీసి, నడుము వంచి, స్టీరింగు కింద మంచిగ పారజూసిండు.

"తమ్మీ, ఇయ్యాల ఎవలు పట్టుకున్నర్రా?"

నేనేం చేస్త! వెనుక సీట్ల నుంచి బ్రేకు మసి ఇంక వదలని నా రెండు ఒట్టి చేతులు కిటికీల బయటపెట్టి చూపిచ్చిన.