అరికాళ్లతో లీకేజీ పట్టే మామ

తెలంగాణ రాకముందు నాచారంలో పాత కార్లలోకి వాన నీళ్లు కారే లీకేజీలు బాగుచేసే మామ ఒకాయన ఉండేవాడు. అద్దాల చుట్టూ కొత్త రబ్బరు వేశాక, చెప్పులు విడిచి కార్లో కూర్చునేవాడు. పక్కనే బ్యాటరీల షాపు నాది కాబట్టి పైనుంచి నీళ్లు పోయడం నా వంతు. ఎక్కడ చెమ్మ దిగినా ఆయన అరికాళ్లకు తెలిసిపోయేది.

"గుడికొచ్చినవా మామా, చెప్పులిడిసినవ్?" అనేవాణ్ని.

"కండ్లకంటె కాళ్లకే ముందు ఎర్కైతదిరా."

ఆయనకు షుగర్ ఉండేది. చాయ్‌లో ఒక చెంచా తగ్గించడమే ఆయన వైద్యం.

ఒక వానాకాలం ఉప్పల్ నుంచి ఒక టీచర్ తన ముసలి అంబాసిడర్ తెచ్చాడు. మూడో బకెట్ అయ్యాక మామ లోపల్నుంచి అరిచాడు. "ఒక్క సుక్క రాలె. సార్‌కు ఫోన్ జెయ్."

తలుపు తీశాను. ఆయన కాలివేళ్ల మధ్య నీళ్లు నిలిచి ఉన్నాయి.

"చెరువు గట్టినవా మామా?"

ఆయన కిందికి చూసి, వంగి, ఆ తడిని చేత్తో తాకి చూసుకున్నాడు. కాళ్లకు స్పర్శ పోయిందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"ఎవ్వరికి జెప్పకు. ఎర్కైతె ఒక్క బండి రాదు."

రబ్బరు మళ్లీ వేశాడు. ఈసారి చెప్పులు విడిచి లోపల నేను కూర్చున్నాను. బకెట్ వంపుతూ లీకవుతోందా అని ఆయన అడగలేదు.

"నీళ్లు కాళ్లకు సల్లగున్నయారా?" అన్నాడు.