పసుపు పొట్టు కింది కుంట

ఇప్పటికీ తొలి వాన పడితే చాలు, ఆర్మూర్‌లో మా గల్లీ చివరి దుకాణాల మెట్ల కింది నుంచి కుళ్లిన పసుపు పొట్టు వాసన లేస్తుంది. అక్కడొక కుంట ఉండేదని, బతకడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు గుడిసెలేసుకుని దాన్ని మింగేశారని అందరూ చెప్తారు. నేను ఒప్పుకోను. నేను చూశాను.

ఎనభైలలో చలి వెనకబడేసరికి మా గల్లీ అంతా పసుపే: కడాయిల్లో ఉడికే కొమ్ముల ఆవిరి, కళ్లాల్లో ఆరబోసిన రాశులు, కొమ్ముల్ని డ్రమ్ముల్లో వేసి తిప్పుతుంటే రేగే దుమ్ము, ఆ దుమ్ముకు పచ్చబడ్డ మా జడలు, మజ్జిగ పోసుకున్న మక్కజొన్న గటకలో కూడా అదే వాసన. డ్రమ్ముల్లోంచి రాలిన పొట్టును మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ల అన్న, బండ్ల మీద తోలించి కుంటలో పోయించేవాడు. పైన పలచగా మొరం మట్టి. దాని మీద తొక్కుడుబిళ్ల ఆడితే నేల పరుపులా దిగేది. ఎందుకు పోయిస్తున్నావని పెద్దవాళ్లెవరూ అడగలేదు.

వానల్లేక చేలు ఎండిన ఊరి నుంచి పసుపు పనికి వచ్చిన పోశవ్వ, తనవాళ్లతో తలదాచుకోను జాగా అడిగితే పెద్దబాపు ఆ నేలనే చూపించాడు. గుంజలు ఎక్కడ పాతాలో మా బాపు కాలితో గీసి ఇచ్చాడు.

"గీడ ఏస్కోండ్రి. ఎవ్వలడ్డమొస్తరో నేను జూస్త," అన్నాడు పెద్దబాపు.

"నీ కడుపు సల్లగుండ, పటేలా!"

వానాకాలం మొదట్లోనే పొట్టు నాని కుంగింది. పోశవ్వ గుడిసె, పొయ్యి, మక్కల గంప అన్నీ మోకాలి లోతు పచ్చనీళ్లలో. మా అమ్మ జాలిపడాల్సింది పోయి దెప్పింది: "కుంటల గుడిసేస్కొని నీళ్లొచ్చినయంటే ఎట్లనే?"

"కుంటని మాకేమెర్క అక్కా? ఎర్కున్నోళ్లే గదా సూపెట్టిరి!"



కుంటను పాడు చేశారని పెద్దమనుషులు కూడి వాళ్లను వెళ్లగొట్టారు. ముందుగా గొంతెత్తింది పెద్దబాపే. తడిసిన వాసాలు భుజానేసుకుని పోశవ్వ వాళ్లు ఎటు పోయారో తెలియదు. తొంభైలలో అక్కడే, ఈసారి గట్టిగా రాళ్లు నింపి, పెద్దబాపు దుకాణాలు లేపాడు. కుంట ఊట పోయాక గల్లీ బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. నీళ్లు తోడేశారన్న ఆ నింద కూడా ఆ తర్వాత వలసొచ్చినవాళ్ల బిందెల మీదికే పోయింది.

ఇవాళ కుంట లేదు, బావుల్లేవు, పెద్దబాపూ లేడు. దుకాణాలున్నాయి; చివరిది మాది. బాపుకు చెవుడొచ్చిందంటారు ఇంట్లో. నేను కుంట మాటెత్తినప్పుడే అది ముదురుతుంది.

నాకు కావలసింది ఒక్క జవాబు. ఆ గుడిసె నిలవదని, గీత గీసిన నాడే నీకు తెలుసా, బాపూ?