ఏప్రిల్ నుంచి లెక్కపెట్టిన బెవ్

మా బడి ఆఫీసులో బెవ్ ఆక్రాయిడ్ ఇరవై మూడేళ్ళు కూర్చుంది. కుర్చీలో కూర్చున్నది తక్కువ, మా నెత్తిమీద కూర్చున్నది ఎక్కువ. హాజరు పుస్తకాలు, పిల్లల ముక్కుల్లో ఇరుక్కున్న పూసలు, బాయిలర్ బాగుచేసేవాడికి ఫోన్లు, అన్నీ ఆవిడే. ఐదుగురు హెడ్‌మిస్ట్రెస్‌లు మారారు, బెవ్ మారలేదు. తప్పు ఒప్పుకోవడమనే పని మాత్రం ఆవిడ ఉద్యోగంలో లేదు. ఒకసారి ఈత కొలనుకు వెళ్ళే బస్సును ఒకరోజు ముందే పిలిపించి, వచ్చిన డ్రైవర్‌నే ఎందుకు తొందరపడ్డావని కడిగేసి పంపింది.

నా పేరు డెనీస్. అదే బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ పసుపుపచ్చ కోటు తొడుక్కుని, ఇంగ్లండులో మా కీత్లీ ఊరి వానలో నిలబడి, పిల్లలు ఒకరినొకరు కొట్టుకోకుండా చూసే పని నాది. నన్నడిగితే బెవ్ మంచిదే అంటాను. అడక్కపోతే ఇంకా చాలా చెబుతాను.

మాలాంటివాళ్ళకు బడి నడిచే వారాలకే జీతం. ఏడాదికి ముప్పై తొమ్మిది వారాలు. కానీ ఆగస్టులో కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి ఆ మొత్తాన్ని పన్నెండు సమాన భాగాలు చేసి నెలకొకటి ఇస్తారు. ఏడాదంతా ఉంటే ఏ గొడవా లేదు. మధ్యలో మానేస్తే మాత్రం వాళ్ళు మనకు బాకీయా, మనం వాళ్ళకు బాకీయా అన్నది తేల్చాలి. తేల్చేది మా బడులన్నీ నడిపే ట్రస్టువాళ్ళ జీతాల ఆఫీసు. తేల్చినదాన్ని మా చేత మింగించేది బెవ్.

అందుకు ఆవిడకో పద్ధతి ఉండేది. ఎవరైనా క్రిస్మస్‌కి మానేస్తే ముందు స్టాఫ్ రూములో కేకు, అందరూ సంతకాలు పెట్టిన కార్డు. తరువాత బెవ్ లోపలికి పిలిచి, బల్లమీద వరసగా పన్నెండు బిస్కెట్లు పేర్చేది.

"ఇదిగో తల్లీ, ట్రస్టు ఏడాది ఏప్రిల్‌లో మొదలు. ఇది ఏప్రిల్, ఇది మే... ఇదుగో ఆగస్టు. ఆగస్టులో ఒక్కరోజైనా పనికొచ్చావా?"

"రాలేదు."

"జీతం తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"మరి? ఎక్కువ తీసుకున్నట్టే కదా. అది వెనక్కి కట్టాలి."

అంతే. వచ్చినవాళ్ళు ఏదో దొంగతనం చేసి పట్టుబడ్డట్టు తలదించుకుని సంతకం పెట్టేవారు. కింద సాక్షిగా బెవ్ సంతకం. 'వివరించాను, ఒప్పుకున్నారు' అని. ఆరేళ్ళ కిందట నేనూ ఒక బేకరీలో పని దొరికిందని క్రిస్మస్‌కి మానేశాను. నూట తొంభై పౌండ్లు కట్టమన్నారు. బెవ్ నాకు ఆగస్టు బిస్కెట్టే ఇచ్చింది. తిన్నాను, సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండా బేకరీ మూతబడింది, నేను మళ్ళీ పసుపుపచ్చ కోటులోకి వచ్చిపడ్డాను.

పోయిన క్రిస్మస్‌కి బెవ్ కూడా మానేసింది. బజారులో కళ్ళద్దాల షాపులో ముందు బల్ల దగ్గర ఉద్యోగం, పన్నెండు నెలలూ జీతం. కేకు తిన్నాం, కార్డు ఇచ్చాం, కొందరు ఏడ్చారు కూడా. నేను ఏడవలేదు. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఫోను చేసింది.

"డెనీస్, ఒకసారి రా. టీ పెడుతున్నాను."

వెళ్ళేసరికి బల్లమీద ట్రస్టు ఉత్తరం. మూడువందల ఎనభై ఎనిమిది పౌండ్లు ఎక్కువ తీసుకున్నారు, తిరిగి కట్టండి అని.

"లెక్క సరిగ్గానే ఉంటుందనుకో," అంది బెవ్. "ఊరికే ఒకసారి చూసుకుందామని."

నాకు నవ్వు ఆగలేదు. ఇరవై మూడేళ్ళుగా ఊరందరికీ వడ్డించింది తన పళ్ళెంలోకే వచ్చింది. ఆవిడ మాత్రం మూతి బిగించుకుని బిస్కెట్లు పేర్చడం మొదలుపెట్టింది. చేతిలో తన పాత నియామకపు కాగితం ఉంది. దానిమీద సెప్టెంబరు మూడు అని ఉంది. అది చూస్తూ పేర్చిందేమో, మొదటి బిస్కెట్టును సెప్టెంబరు అంటూ పెట్టింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. ఆగస్టు ఆ చివరెక్కడో పన్నెండోదిగా పడింది. ఆ నెల జీతాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

బెవ్ చెయ్యి ఆగిపోయింది.

"మరి మొన్నటి ఆగస్టు?" అన్నాను.

"అది అంతకుముందు ఏడాది పనికి వచ్చింది. ఆ సెప్టెంబరు నుంచి జూలై దాకా చేశాను కదా, దానికి..." అని తన మాట తనకే వినపడి నోరు మూసుకుంది.

అసలు సంగతి అదీ. మేం సెప్టెంబరు నుంచి చలిలో, వానలో పనిచేసి నెలనెలా కొంచెం కొంచెంగా దాచుకున్నదే ఆగస్టు జీతం. ట్రస్టువాళ్ళు ఏప్రిల్ నుంచి మొదలుపెడితే ఆ చలికాలపు పనంతా లెక్క బయట పడిపోతుంది, ఆగస్టు జీతం మాత్రం లెక్కలో మిగిలిపోతుంది. మేం తేరగా తిన్నట్టు కనబడుతుంది. నిజానికి క్రిస్మస్‌కి మానేసినవాళ్ళకు వాళ్ళే ఇంకొంత ఇవ్వాలి.

"బెవ్, నా దగ్గర నూట తొంభై పౌండ్లు కట్టించావు!"

"నేనెక్కడ కట్టించుకున్నాను? ట్రస్టు కట్టించుకుంది."

"సంతకం పెట్టమన్నది ఎవరు?"

"లెక్క తప్పింది, డెనీస్. లెక్క."

చూశారా, లెక్కే తప్పింది. ఆవిడ తప్పలేదు. ఆ టీ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది.

అయితే ఒకటి చెప్పాలి. ఆ రాత్రికే బెవ్ పాత డైరీలు దులిపి, ఇలా క్రిస్మస్‌కి మానేసి డబ్బు కట్టినవాళ్ళ పేర్లు రాసింది. నాతో కలిపి పదకొండుమంది. సోమవారం నుంచి ట్రస్టుకి ఫోన్లు. మూడు వారాలు. ప్రతిసారీ అరగంట పాట వినిపించి, కొత్త గొంతు ఒకటి వచ్చి మీ సమస్య ఏమిటని మొదటినుంచీ అడిగేది. ఒకమ్మాయి ఆగస్టులో బడి ఎందుకుండదని అడిగింది. జీతాల ఆఫీసులో కూర్చున్న అమ్మాయి! ఆ పూట నేనే ఫోను లాక్కుని పెట్టేశాను, లేకపోతే నా నోటికి నేను జవాబుదారీ కాను.

చివరికి ఉత్తరం వచ్చింది. 'మీ విషయంలో చిన్న పొరపాటు దొర్లింది. మీరేమీ కట్టక్కర్లేదు, మేమే ఐదువందల అరవై పౌండ్లు ఇస్తాం. ఇది మీ ఒక్కరి విషయమేనని ఒప్పుకుంటూ సంతకం చేయండి. మిగతావారికి లెక్క వివరించడం జరిగింది, వారు ఒప్పుకున్నారు, అప్పట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ ఫైళ్ళు మూసివేయడమైనది.' దానికి జతగా పదకొండు కాగితాల నకళ్ళు. పదకొండింటిమీదా బెవ్ సంతకం, ముత్యాల్లాంటి అక్షరాల్లో.

"తీసుకో," అన్నాను. మనసులో ఉన్నదే చెప్పాను. "నీ వంటింటి పైకప్పు కారుతోంది. నీది నువ్వు తీసుకో, మాది మేం తిట్టుకుంటాం."

బెవ్ కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. "నా చేత్తో నేనే వీళ్ళందరి నోళ్ళూ కట్టేశాను," అంది. ఒక కాగితం దగ్గర ఆగి, "ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాశారు. అది అబద్ధం. పాలెట్ చెప్పింది," అంది.

పాలెట్ మా చిన్నపిల్లల తరగతిలో టీచరుకు తోడుగా ఉండేది. నాలుగేళ్ళ కిందట మానేసింది. ఇప్పుడు బెవ్ ఉండే ఓక్‌వర్త్ ఊరి బస్సు నడుపుతోంది.

"ఏం చెప్పింది?"

"'నేను సెప్టెంబరులో చేరాను కదా, ఏప్రిల్ నుంచి ఎందుకు లెక్కపెడుతున్నారు?' అంది."

"నువ్వేమన్నావు?"

మూడుసార్లు అడిగితేగాని చెప్పలేదు. "లెక్కలు అందరికీ రావులే తల్లీ, అన్నాను."

"లోపలేనా?"

"కాదు. ఆఫీసు కిటికీ దగ్గర. తల్లులు వరసలో నిలబడి ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా."

నాకు తల బాదుకోవాలనిపించింది. పదకొండుమందిలో లెక్క తెలిసినది ఆ ఒక్కతే, ఈవిడ ఆమెనే పట్టుకుని అందరిముందూ మొద్దును చేసింది. ఇప్పుడు అందరి డబ్బూ ఆ ఒక్కతె మాటమీద ఆగింది. ఒక్కరైనా అప్పుడే అడ్డు చెప్పారని తేలితే ట్రస్టు మాట నిలవదు. అప్పుడే అడిగానని పాలెట్ రాసి ఇవ్వాలి, అవును అడిగిందని బెవ్ రాసి ఇవ్వాలి.

బెవ్ తన వంతు కాగితం రాసింది గానీ, పాలెట్‌కి పోస్టులో పంపుతానంది. తరువాత ఫోనులో మెసేజ్ పెడతానంది. ఆ తరువాత మోకాలు నొప్పంది. నాలుగేళ్ళుగా పాలెట్ బస్సే ఎక్కి, కార్డు తాకించి, తలెత్తకుండా వెనక్కి వెళ్ళి కూర్చునే మనిషికి ఇప్పుడే నొప్పి వచ్చింది. గురువారం పొద్దున నేనే రెక్క పట్టుకుని బస్‌స్టేషనుకు లాక్కెళ్ళాను.

బయట కుండపోత. బస్సు బయలుదేరడానికి మూడు నిమిషాలుంది. సంచులతో ముసలివాళ్ళు, పసిపిల్లల బండిలో బిడ్డతో ఒకామె.

"పాలెట్, తల్లీ, ఒక్క నిమిషం..."

"తల్లీ అనకు. ఎక్కడికి?"

బెవ్ కిందికి వంగి ఏదో గొణిగింది. ఏప్రిల్, సెప్టెంబరు, కాగితం అన్న మాటలు మాత్రం నాకు వినిపించాయి.

పాలెట్ అద్దంలోంచి ముందుకే చూస్తోంది. "వినపడ్డంలేదు. అప్పుడు గట్టిగానే అన్నావుగా, పదిమంది వినేట్టు? ఇప్పుడూ అట్లాగే చెప్పు."

"ఏమ్మా, బండి కదులుతుందా, మా సంచుల్లో ఐస్‌క్రీము కరిగి ఏరులై పారాలా?" అని వెనకనుంచి ఒక ముసలాయన కేకేశాడు.

బెవ్ నావైపు చూసింది. నేను కిటికీ బయటికి చూశాను. ఆవిడను కాపాడటం నా వల్ల కాదు, నాకు ఇష్టమూ లేదు. బెవ్ కమ్మీ పట్టుకుని జనంవైపు తిరిగింది.

"నాలుగేళ్ళ కిందట ఈ పాలెట్ బళ్ళో ఒక లెక్క చెప్పింది. తనదే సరైనది. నాది తప్పు. తెలీక తప్పు చెప్పడం ఒకెత్తు, చెబుతుంటే వినకుండా పదిమందిలో నవ్వులపాలు చెయ్యడం ఒకెత్తు. ఆ రెండూ చేశాను. లెక్కలు రానిది నాకు."

ముసలాయన సంచి సర్దుకున్నాడు. పాలెట్ చెయ్యి చాపింది. కాగితాన్ని స్టీరింగు మీద పెట్టుకుని, బెవ్ రాసినదంతా మొదటినుంచీ చదివి, కింద 'నిజం, అప్పుడే అడిగాను' అని రాసి సంతకం పెట్టింది.

"నీ డబ్బంతా వస్తుంది. ప్రతి పెన్నీ వచ్చేదాకా వాళ్ళను వదలను," అంది బెవ్.

"నెలకి ఇరవై పౌండ్ల చొప్పున ఏణ్ణర్ధం కట్టాను. అది సరే, డబ్బు ఎట్లాగో కట్టేశాను." పాలెట్ గొంతు పెంచలేదు. "ఆ రోజు ఇంటికెళ్ళాక మా చిన్నది లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. నాన్ననడుగు పో, నాకు రావు అన్నాను. అప్పట్నించీ అది నన్ను అడగలేదు."

బెవ్ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడకు జవాబు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మౌనంకోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో, తీరా చూసేసరికి నాకేమీ సంతోషం కలగలేదు.

ఈస్టర్ దాటాక ట్రస్టు దిగివచ్చింది. పదకొండుమందికీ డబ్బు వచ్చింది, నాకూ వచ్చింది. తన ఒక్కరి విషయమేనన్న కాగితంమీద బెవ్ సంతకం పెట్టలేదు కాబట్టి ఆవిడది అందరికంటే ఆఖరున, జూన్‌లో వచ్చింది. షాపుకి ఇప్పటికీ ఓక్‌వర్త్ బస్సులోనే వెళుతుంది. ఇప్పుడు వెనక్కి పోకుండా డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంటుంది. పాలెట్ కూతురు మళ్ళీ లెక్కలు అడుగుతోందా అని రోజూ అడుగుదామనుకుంటుందట. ఓక్‌వర్త్ నుంచి బజారుదాకా ఇరవై నిమిషాలు. అడగలేక దిగిపోతోందట.