మా అన్న ఇంజను దించిన బావి

మా అన్న జీవరాజు ఒంటి నిండా డీజిల్ వాసన. ఆదివారం ఎంత సబ్బు రుద్దుకుని వచ్చినా చర్చిలో చాప మీద పక్కవాళ్ళు కాస్త జరిగేవారు. "జాగ ఇడిసిండ్రు, మంచిదే" అంటూ అన్న కాళ్ళు చాపుకునేవాడు.

పందొమ్మిది వందల అరవై నాలుగో, అయిదో. బోధన్ పక్కన మా ఊళ్ళో లింబయ్య పటేల్ చెరుకుకు నీళ్ళు పారించడానికి ఆయిలింజను కొని, నడపడానికి అన్నను పెట్టుకున్నాడు. అన్న దాన్ని రోజూ గుడ్డతో తుడిచి, "నా ఇంజను చుక్క కారది" అని కనబడినవాళ్ళకల్లా చెప్పేవాడు.

ఆ ఎండకాలం నిజాంసాగర్ కాలువకు నీళ్ళు ఆపేశారు. పటేల్ బావిలో నీళ్ళు లోతుకు దిగి, ఒడ్డున ఉన్న ఇంజనుకు అందలేదు. బావి లోపల నీళ్ళకు కాస్త పైన అడ్డంగా మొద్దులు పరిచి ఇంజనును వాటి మీదికి దించారు. మా వాడ ఆడవాళ్ళు తాగే నీళ్ళకు మెట్లు దిగేదీ ఆ బావిలోకే. కొద్దిరోజులకే నీళ్ళ మీద నెమలి రంగులు తేలాయి.

మా వాడకు పెద్దదిక్కు సత్తవ్వ. ఖాళీ బిందెతో పైకొచ్చి అన్నను నిలదీసింది.

"జీవరాజూ, నీ ఇంజను తాగంగ మిగిలింది మాకు పోస్తున్నవా? రేపటి సంది మా కడుపులు గూడ టక్‌టక్ మోగుతయి."

"నా ఇంజను చుక్క కారది, అవ్వా. గది పాచి."

"పాచికి లారీ వాసనొస్తదారా? ఆదివారం దాక సూస్తం. నీళ్ళు బాగ గాకుంటె ఇంజను బయటికి తీపిస్తం."

ఇంజను బయటికొస్తే చెరుకు ఎండుతుంది. అన్న పని పోతుంది.

ఇంట్లో యేసమ్మ వదిన చాయ్ ఇచ్చి, ఎన్నడూ లేనిది ఎదురుగా కూర్చుంది. అన్న ఒక గుక్క తాగి ఆగాడు.

"ఏమాయె?"

"మంచిగనే ఉంది."

"గట్లయితె మొత్తం తాగు. పాచి నీళ్ళే గద."

అన్న గ్లాసు కిందపెట్టి బావికి పోయాడు. ఇంజను ఆపి అడుగున తడిమితే చెయ్యి నల్లగా వచ్చింది.

గొట్టం బిగించి, కింద రేకు తొట్టి కట్టాడు. గానుగ దగ్గరి ఎండు చెరుకు పిప్పిని మోపులుగా తెచ్చి నీళ్ళ మీద పరిచాడు. అది డీజిల్ పీల్చుకోగానే తీసి కొత్తది పరిచేవాడు. ఒడ్డున ఆరేసిన ఆ పిప్పిని పటేల్ మనుషులు తెలియక బెల్లం పొయ్యిలో వేశారు. నల్లటి పొగ కడాయి మీదికి తిరిగింది. ఆ బెల్లం నోట్లో వేసుకుంటే లారీ ఎక్కినట్టే ఉండేది.

"నీళ్ళు బాగ జెయ్యిమంటె బెల్లం ఖరాబు జేసినవ్ గదరా!" అని పటేల్ నెత్తి కొట్టుకున్నాడు.

ఆదివారం చర్చి విడవగానే వాడంతా బావికి వచ్చింది. అన్న మెట్లు దిగి దోసెడు నీళ్ళు తాగాడు. సత్తవ్వ వంగి అతని మొహం చూసింది.

"మింగినవా, పుక్కిట పట్టినవా? నోరు తెరువ్."

తెరిచాడు. వదిన తనూ ఓ దోసెడు తాగి బిందె ముంచింది. ఆమె వెనుక మిగతావాళ్ళు దిగారు.

ఆ తర్వాత ఏ బావిలో పనికి పోయినా అన్న ముందు తొట్టి కట్టేవాడు, ఇంటికొచ్చే ముందు అక్కడి నీళ్ళు తాగేవాడు. చుక్క కారదని మాత్రం మళ్ళీ అనలేదు. "కారుతది, అవ్వా. సూసుకుంట" అనేవాడు.

అన్న పోయి ఏడాదైంది. మొన్న నిజామాబాద్ బస్టాండులో ఎవరో డీజిల్ వాసనతో వచ్చి బల్ల మీద కూర్చుంటే అందరూ జరిగారు. నేను జరగలేదు.