ఆరోది పలకలేదు

మహాజనులారా, ఈ పవిత్రమైన హాస్టల్ నోటీసు బోర్డును నా రాతతో మైలపరుస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. కానీ ఈ రోజు ఘోరం జరిగింది, చెప్పక తప్పదు.

కాటన్‌పేటలో మా మామ బట్టల గోదాములో ఒక పాత కారు ఉంది. అందరూ తుక్కు అన్న ఆ బండి బానెట్ ఎత్తి, ఆరు ప్లగ్గులు లెక్కపెట్టి, ఇది ఇటలీవాళ్ల ఆరు సిలిండర్ల, రెండు తలుపుల కూపే కారు అని కనిపెట్టింది ఆయనే. మూడేళ్లు కూర్చుని బాగుచేశాడు. ఈ రోజు సరిగ్గా నడవకపోతే ఇనుము కొనే గుజిరీవాడికి ఇచ్చేస్తానని అత్త గడువు పెట్టింది.

పూజలో గుమ్మడికాయ మొదటి దెబ్బకు పగల్లేదు. కర్పూరం వెలిగించినప్పుడల్లా ఆరిపోయింది. మామ తాళం తిప్పగానే ఇంజను మూలిగింది, బండంతా వణికింది, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"ఆరిట్లో ఐదే పలుకుతాండాయప్పా," అన్నాడు మామ. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ ఆరోది బలి అడుగుతాండాది. సాకింక, చాలు! రేపు పొద్దున్నే గుజిరీవాన్ని పిలిపిస్తా," అంది అత్త.

మామ బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

తెల్లారేలోగా ఆయనకు ఒక కబురు చేరవేయాలి. ధైర్యవంతులు ఈ కాగితం కింద పేరు రాయండి, బస్సు చార్జీ నాది. నేను చేసింది మాత్రం ఒక్కటే: ప్లగ్గులకు బొట్టు పెట్టమంటే, భక్తి పొంగి ఆరోదాని తీగ ఊడబెరికి మరీ పెట్టాను. తిరిగి తగిలించాలన్న సంగతి హాస్టల్ గేటు దగ్గర గుర్తొచ్చింది.