అయిపోయింది హోటల్

ఆ వీధి మలుపులో ఉన్న హోటల్‌కి గుమ్మం మీద చక్కటి పేరే రాయించారు గాని, ఆ పేరు చెప్పి అడిగితే పక్కింటివాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు. 'అయిపోయింది హోటల్ ఎక్కడండీ' అంటే మాత్రం సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడైనా సరే, ఆగి మరీ చెయ్యి చూపిస్తాడు. ఈ పేరు రావడానికి కారకుడు అక్కడి సర్వర్. వీధి వీధంతటికీ ఆయన బాబాయ్. సొంత పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే.

మీరు లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంటారు. బల్ల కాస్త ఊగుతుంది, పట్టించుకోకూడదు. బాబాయ్ భుజం మీద తువ్వాలుతో వచ్చి, బల్ల తుడిచి, గ్లాసు పెట్టి, ఆ పూట ఉన్నవన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తాడు. మొదటిదీ చివరిదీ తప్ప మధ్యలోవి ఎవరికీ వినపడవు. పోనీ గోడ మీద చూద్దామంటే, అక్కడున్న జాబితా హోటల్ తెరిచిన రోజున రంగుతో రాయించింది. అందులో సగం ఆ వంటగది ఏనాడూ మొహం చూడనివే. మీరు ధైర్యం చేసి, "బఠానీ కూర పట్రా బాబాయ్" అంటారు. ఆయన మీ వైపు జాలిగా చూసి, గోడలు అదిరేలా "బఠానీ కూర అయిపోయిందండీ!" అని అరుస్తాడు. అప్పటికి హోటల్ తెరిచి ఎంతోసేపు కూడా అయి ఉండదు.

ఎదురుగా కూర్చున్నవాడికి చెప్పడానికి అంత అరుపెందుకని అడిగితే, "మళ్ళీ ప్రతి బల్ల దగ్గరా చెప్పక్కర్లేదు కదండీ" అంటాడు. ఆ అరుపుకి జవాబుగా వంటగదిలోంచి యజమాని పెద్దాయన గొంతు లేస్తుంది. "ఒరేయ్, గిన్నె నిండా కూరుంటే అయిపోయిందంటావేంట్రా! బుద్ధుందా నీకు?" జనం ఘొల్లున నవ్వుతారు. బాబాయ్ మాత్రం చెవిటివాడిలా మీ ముందు ఇంకేదో పెట్టి వెళ్ళిపోతాడు. మీకు ఒళ్ళు మండుతుంది. తిన్నాక చల్లారుతుంది. మర్నాడు మళ్ళీ వస్తారు.

ఈ జబ్బు బాబాయ్‌కి మొదటి నుంచీ లేదు. ఈమధ్య, పెద్దాయన జ్వరంతో మంచం పట్టి లేచిన తర్వాత మొదలైంది. అంతకు ముందు ఆయన అయిపోయిందంటే నిజంగానే అయిపోయినట్టు. ఇంకో వింత కూడా అప్పుడే మొదలైంది. మధ్యాహ్నం పెద్దాయన ఓ కునుకు తీసి లేచేసరికి, హోటల్లో బంగాళాదుంపలు వేసిన సూపు ఒకటి ప్రత్యక్షమయ్యేది. ఒకరోజు ఆకుపచ్చగా, ఒకరోజు ఎర్రగా ఉండేది. దాన్ని ఎవరు వండారని ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకంటే అద్భుతంగా ఉండేది.

నిజానికి బాబాయ్ ఈ హోటల్‌కి పనికోసం రాలేదు. తెరిచిన రోజున తినడానికి వచ్చాడు. అప్పట్లో పెద్దాయన ఒక్కడే వండుకుంటూ, ఒక్కడే వడ్డించుకుంటూ, పొయ్యి దగ్గరికీ బల్లల దగ్గరికీ మధ్య పరుగులు పెడుతూ చెమటలు కక్కుతున్నాడట. బాబాయ్ సగం తిన్నాడు. పక్కనున్న ముసలమ్మ మంచినీళ్ళకోసం చుట్టూ చూస్తోంది. లేచి చెయ్యి కడుక్కుని ఆవిడకి నీళ్ళు పోశాడు. ఆ పక్కవాళ్ళూ అడిగారు. పోశాడు. అంతే, మళ్ళీ కూర్చోలేదు. "ఆ రోజు సగంలో వదిలేసిన భోజనం నాకింకా బాకీ ఉంది అన్నయ్యా" అని పెద్దాయనతో అంటుంటాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. వెనక సందులో అక్క దగ్గర ఉంటాడు. ఆవిడ రోజూ తలుపు తీస్తూనే, "ఊరందరికీ పెట్టి నువ్వేం తిన్నావురా?" అని నిలదీస్తుంది.

ఆయన వడ్డనలో ఒకసారి తిన్నవాడికి వేరేచోట తిండి సయించదు. పళ్ళు లేనివాళ్ళకి చెప్పకుండానే మెత్తగా నలిపి తెస్తాడు. ఇంట్లో పోట్లాడి వచ్చినవాణ్ణి నడకలోనే పసిగట్టి, ముందు చల్లటి నీళ్ళిచ్చి, ఆ తర్వాతే ఏం కావాలని అడుగుతాడు. కొత్తగా పెళ్ళైన జంట వస్తే గోడవారగా కూర్చోబెట్టి, ఆ చుట్టుపక్కల బల్ల తుడవడానికి కూడా వెళ్ళడు. ఇంత ఇంగితం ఉన్న మనిషి ఉన్న కూరని లేదంటాడంటే ఎవరు నమ్ముతారు?

ఎవరికీ లేని చిక్కు పెద్దాయన కూతురికి వచ్చింది. వాళ్ళమ్మకి మోకాళ్ళు పట్టేయడంతో, బట్టల కొట్లో చేస్తున్న ఉద్యోగం మానేసి ఆ అమ్మాయే గల్లా దగ్గర కూర్చుంటోంది. అద్దాల తలుపులతో ఎదురుగా కొత్త హోటల్ ఒకటి వెలిసింది. అక్కడ ఏదడిగినా ఉంటుందట. ఇక్కడేమో ఏదడిగినా ఉండదు. ఒకరోజు పాత కొట్లో స్నేహితురాళ్ళని ముచ్చటపడి భోజనానికి పిలిచింది. వాళ్ళు గుడ్డు కూర అడిగారు. అయిపోయిందండీ! బీన్సు వేపుడు అడిగారు. అయిపోయిందండీ! చివరికి ఆమ్లెట్టూ బ్రెడ్డూ తిని, మొహమొహాలు చూసుకుని నవ్వుకుంటూ వెళ్ళారు. అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. వంటగదిలోకి వెళ్ళి మూతలు తీసి చూస్తే రెండు గిన్నెలూ నిండుగా ఉన్నాయి.

"బాబాయ్, నువ్వు నన్నెత్తుకుని పెంచినవాడివి. అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను" అంది. "రేపట్నుంచి గిన్నెలో ఉన్నది అడిగితే పెట్టాలి. ఉండగా లేదన్నావంటే ఇక నువ్వు ఇంటి దగ్గరే ఉండు."

"అలాగే తల్లీ" అన్నాడు బాబాయ్. వంటగది వైపు ఒకసారి చూసి, బల్లలు తుడవడానికి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు అమ్మాయికి ఆ రాత్రి ముద్ద దిగలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. బాబాయ్ ఉండాలా, హోటల్ ఉండాలా అన్నంత దాకా వచ్చింది మరి.

మర్నాడు పొద్దుటంతా బాగానే గడిచింది. అడిగినవాళ్ళకి అడిగినట్టు పెట్టాడు. మధ్యాహ్నానికి బల్లలన్నీ నిండాయి. పెద్దాయన బఠానీ కూర దించాడు. గిన్నె అందుకుని వస్తూ, తలుపు చాటున బాబాయ్ ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు. బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో రంగు లేదు.

వంకల తాతగారు అప్పుడే కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు పెద్ద దర్జీ. జీవితమంతా బట్టల్లో వంకర కుట్లు వెతికి వెతికి, ఇప్పుడు కంచంలో వెతుకుతున్నాడు. ఉల్లిపాయ ముక్క ఒకటి పెద్దది ఒకటి చిన్నది అంటాడు. వేడి ఎక్కువంటాడు, ఊదుకున్నాక చల్లారిందంటాడు. "బఠానీ కూర ఉందా, లేక నీ పాటే పాడతావా?" అన్నాడు.

బాబాయ్ గల్లా వైపు చూశాడు. అమ్మాయి కళ్ళు తిప్పుకోలేదు. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. అరవలేదు. తాతగారి చెవి దగ్గరికి వంగి, "అయిపోయిందండీ" అన్నాడు మెల్లగా.

పెదాల కదలికలోనే అమ్మాయికి అర్థమైపోయింది. విసురుగా లేచి వచ్చి, బాబాయ్ చేతిలో గిన్నె లాక్కుని, తాతగారి బల్ల మీద అందరికీ తానే వడ్డించింది. "తినండి. మా ఇంట్లో ఏదీ అయిపోలేదు" అంది.

వాళ్ళు తిన్నారు. ఎవరూ తలెత్తలేదు. తాతగారు నెమ్మదిగా, మెతుకు వదలకుండా కంచం ఖాళీ చేశాడు. గ్లాసెడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు పోసుకుని అదీ తాగాడు. అప్పుడు అమ్మాయి వైపు చూసి, "బాగుందమ్మా. చాలా బాగుంది" అన్నాడు.

ఆ నోటివెంట ఆ మాట అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గరిటె అంచు నాలుకకి తగిలించి చూసుకుంది. ఉప్పు! పొరపాటున ఎక్కువైన ఉప్పు కాదది. ఒకసారి వేసి, మరిచిపోయి, మళ్ళీ అంతే వేసిన ఉప్పు.

వెనక్కి తిరిగేసరికి బాబాయ్ భుజం మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, గల్లా మీద పెడుతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

"ఆ జ్వరం తగ్గినప్పట్నుంచీ తల్లీ. అన్నయ్యకి రుచి తెలియట్లేదు. రోజూ కాదు, అప్పుడప్పుడూ చెయ్యి తప్పుతుంది. తప్పిందాన్ని దాచి, ఆయన పడుకున్నాక బంగాళాదుంపలవీ వేసి సూపుగా బతికిస్తున్నాను. ఆయనకి మాత్రం చెప్పకు. తెలిస్తే గరిటె కింద పెట్టేస్తాడు. అది లేకపోతే ఆయన మనిషిగా ఉండడమ్మా."

"మీ అందరికీ కూడా తెలుసా?" అంది బల్లల వైపు తిరిగి.

"తెలియకేం, మాకు నాలుకలున్నాయిగా" అన్నాడు తాతగారు, మూడో గ్లాసుకోసం చెయ్యి చాపుతూ.

అమ్మాయి వంటగదిలోకి నడిచింది. నాన్నకి చెప్పక తప్పదనుకుంది. ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. పెద్దాయన పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఇంకో కూర ఉడుకుతోంది. గుప్పిట్లో ఉప్పు పట్టుకున్న చెయ్యి గిన్నె మీద అలాగే ఆగిపోయి ఉంది.

"ఎవరూ?"

"నేనే నాన్నా."

"వాడేడి? బఠానీ కూర అవతలికెళ్ళి ఇంతసేపైంది. ఏమీ అనలేదేం?"

"ఏమనాలి నాన్నా?"

పెద్దాయన తిరిగి చూశాడు. "అయిపోయిందనాలి. అనకపోతే బాగున్నట్టు. బాగుందా?"

అమ్మాయి ఆయన గుప్పిట్లో ఉప్పు వైపు చూసింది.

"ఇంతకు ముందు చెయ్యి మరిచిపోయినా నాలుక గుర్తుచేసేదే అమ్మడూ" అన్నాడాయన. "ఇప్పుడు నాలుక మీద ఏం పెట్టినా ఒకటే. వాడు అరిస్తే చెయ్యి తప్పిందని తెలుసుకుంటాను. తర్వాతి గిన్నెలో జాగ్రత్తపడతాను. వాడి అరుపు లేకపోతే నేను వండలేను."

"మరి అన్నేసి తిట్లు తిడతావుగా!"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని వాడు కనిపెట్టేయడూ? నా పరువు కాపాడుతున్నాననుకుంటున్నాడు వెర్రినాగన్న. కాపాడనీ. తెలిస్తే పాపం చిన్నబుచ్చుకుంటాడు." గుప్పిట్లో ఉప్పు డబ్బాలో పోసేసి అడిగాడు. "నువ్వు వాణ్ణేమీ అనలేదు కదా?"

ఆ ప్రశ్నకి అమ్మాయి సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయింది. ఇద్దరు మనుషులు ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా ఇన్నాళ్ళూ రోజూ అందరి ముందూ పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాటనే తాను ఆపేయబోయింది. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

బయటికి వచ్చేసరికి కొత్తాయన ఎవరో కూర్చుని, "బఠానీ కూర ఉందా?" అని అడుగుతున్నాడు. తువ్వాలు లేని భుజంతో బాబాయ్ ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. బల్లల దగ్గరున్నవాళ్ళంతా అమ్మాయి వైపే చూస్తున్నారు.

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. వంటగది వైపు మొహం తిప్పి, గ్లాసులు గలగలమనేలా అరిచింది.

"బఠానీ కూర అయిపోయిందండీ!"

లోపల గరిటె గిన్నెకేసి ఠంగుమని కొట్టిన చప్పుడు. "గిన్నె నిండా కూరుంటే అయిపోయిందంటావేమే! వాడి జబ్బు నీకూ అంటుకుందా?" పెద్దాయన గొంతు హుషారుగా ఉంది. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి.

అమ్మాయి గల్లా మీది తువ్వాలు తీసి, మడత విప్పి, బాబాయ్ భుజం మీద వేసింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వంటగది వైపు భయంగా చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నయ్యకేమీ అనుమానం రాలేదు కదమ్మా?"

"రాలేదు బాబాయ్" అంది అమ్మాయి. తాతగారి గ్లాసులో నీళ్ళు పోయడానికి వెళ్ళింది.